మెటీరియల్ అనగానే డబ్బు తీయకండి: ఇల్లు, బట్ట, పుస్తకం, సంతకం దగ్గర ఏం చూసుకోవాలి

తాపీ మేస్త్రి “మెటీరియల్ దిగితేగాని పని సాగదండి” అంటాడు. ఆ ఇంటి అమ్మాయి బట్టల షాపు నుంచి డ్రెస్ మెటీరియల్ తెచ్చుకుంటుంది. అబ్బాయి డీఎస్సీ మెటీరియల్ కోసం విశాఖ బస్సెక్కుతాడు. నాన్నగారి చేతిలో ఉన్న బీమా ఫారంలో ‘మెటీరియల్ ఫ్యాక్ట్’ అని సన్న అక్షరాల్లో ఉంటుంది. మాట ఒకటే, దాని కింద ఉన్న వస్తువు వేరు. మనం నష్టపోయే తీరు మాత్రం అన్ని చోట్లా ఒకటే. ఆ మాట కింద ఏముందో విప్పి అడక్కుండానే డబ్బిచ్చేస్తాం, లేదా సంతకం పెట్టేస్తాం.

ఎక్కడ ఏం అడగాలో, చేత్తో ఏం పరీక్షించుకోవాలో వరసగా చెబుతాను. ఇంటి దగ్గర ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మనవాళ్ల జీవితకాలపు పొదుపంతా అక్కడే ఖర్చవుతుంది. హైదరాబాద్‌లోనో చెన్నైలోనో గల్ఫ్‌లోనో పనిచేసి, పంపిన డబ్బుతో ఊళ్లో ఇల్లు కట్టించుకునేవాళ్లు మన దగ్గర చాలామంది. వాళ్లు పని జరిగేచోట ఉండరు. ఫోన్‌లో “మెటీరియల్‌కి డబ్బులు పంపండి” అన్న మాట మీదే పంపేస్తారు. ఇది ముందుగా వాళ్ల కోసం.

మొదటి పని: నాలుగు ప్రశ్నలు

మెటీరియల్ అన్న మాట వినపడిన వెంటనే అడగాల్సినవి ఇవే. ఏ వస్తువు? అందులో ఏ రకం? ఎంత? ఖర్చు ఎవరిది? నాలుగింటికీ జవాబు వచ్చేదాకా జేబులో చెయ్యి పెట్టకండి. “మేస్త్రి గారూ, మెటీరియల్ అంటే సిమెంటా, ఇనుమా? ఎన్ని బస్తాలు, ఏ గ్రేడు?” అని అడిగితే మంచి మేస్త్రి ఎవరూ చిన్నబుచ్చుకోరు. ఆయనకీ లెక్క ఉంటుంది కాబట్టి చెబుతాడు. “మీకెందుకండీ, మేం చూసుకుంటాం కదా” అన్న జవాబు వస్తే ఆ రోజు డబ్బు ఇవ్వకుండా ఆగండి.

రెండో పని: ఇంటి ఒప్పందంలో ఆ మాటని విప్పించండి

మన దగ్గర ఇల్లు రెండు రకాలుగా కట్టిస్తారు. ఒకటి లేబర్ కాంట్రాక్టు: సరుకంతా మనం తెచ్చిపెడితే వాళ్లు పని చేస్తారు. రెండోది ‘మెటీరియల్‌తో సహా’ చదరపు అడుగుకి ఇంత అని. గొడవలు ఎక్కువగా ఈ రెండో దాంట్లోనే వస్తాయి, అందులోనూ ఆ ‘సహా’ దగ్గర. పునాది గుంత తవ్వాక లోపల నింపే గ్రావెల్ అందులోకి వస్తుందా? సెంట్రింగ్ పలకలు, పరంజా కర్రలు, బైండింగ్ వైరు, మేకులు, స్లాబులో పోయే కరెంటు పైపులు వస్తాయా? నీళ్ల ట్యాంకర్ ఎవరు తెప్పిస్తారు? మోటారు కరెంటు బిల్లు ఎవరు కడతారు? నోటిమాటగా ఒప్పుకున్నప్పుడు ఇవన్నీ మేస్త్రి మనసులో ‘మీవి’, మీ మనసులో ‘మావి కావు’.

కాబట్టి కాగితం మీద రెండు వరసలు గీయండి. ఒకవైపు మేస్త్రి తెచ్చేవి, రెండోవైపు మీరు తెచ్చేవి. పైన చెప్పిన ప్రతి వస్తువూ ఏదో ఒక వైపు ఉండాలి. తర్వాత రకాలు రాయండి: సిమెంట్ పీపీసీయా (ఫ్లైయాష్ లాంటివి కలిపినది) ఓపీసీయా (మామూలు పోర్ట్‌లాండ్ సిమెంట్), ఇనుము ఎఫ్ఈ 500డీయా 550డీయా (ఊచ బలాన్ని చెప్పే గ్రేడు), ఏ కంపెనీది, ఇటుక మట్టిదా ఫ్లైయాష్‌దా, ఇసుక నదిదా రాతి ఇసుకా, గుమ్మాలకి టేకా మద్దా వేపా. ‘మంచి కంపెనీ’ అని రాయించుకుంటే ప్రయోజనం లేదు, పేరు రాయించండి.

చదరపు అడుగులు దేని మీద కొలుస్తారో కూడా రాయాలి. స్లాబ్ మీద కొలిస్తే సన్‌షేడ్, బాల్కనీ కలుస్తాయి. కింద గోడల బయటి కొలత తీసుకుంటే లెక్క తగ్గుతుంది. మెట్లు, సెప్టిక్ ట్యాంకు, నీళ్ల తొట్టి, ప్రహరీ ఆ ధరలోనా, విడిగానా? డబ్బు ఒకేసారి కాకుండా పునాది, లింటల్, స్లాబ్, ప్లాస్టరింగ్ ఇలా దశల వారీగా ఇస్తామని రాసుకోండి. ప్రతి దశకీ కొంత మిగిల్చి ఇవ్వడం మంచిది.

లేబర్ కాంట్రాక్టులో ఇంకో మాట ముందే తేల్చుకోవాలి. మిగిలిన మెటీరియల్ ఎవరిది? ఖాళీ సిమెంట్ సంచులు, ఇనుప ముక్కలు, సగం వాడిన పెయింట్ డబ్బాలు చిన్నవే అనిపిస్తాయి. పని చివరికొచ్చేసరికి మాటలు పెరిగేది వాటి దగ్గరే. సంచులు మేస్త్రికి వదిలేసి, ఇనుము మీరు ఉంచుకోవడం చాలా ఊళ్లలో నడిచే పద్ధతి. మీ ఊళ్లో ఎలా ఉందో అడిగి అదీ రాసేయండి.

మూడో పని: దిగిన సరుకుని చేత్తో చూడండి

ముందు ఇసుక. మనకి నాగావళి, వంశధార, చంపావతి ఉన్నాయి కాబట్టి మంచి నది ఇసుక దొరికే అదృష్టం ఉంది. 2024 జూలై నుంచి రాష్ట్రంలో ఇసుక ఉచితమే అయినా ఎత్తుడు కూలీ, ట్రాక్టరు బాడుగ మనవే. అంచేత మట్టి కలిసిన ఇసుక దింపించుకుంటే ఆ బాడుగ మట్టికి కట్టినట్టే. పరీక్షకి ఒక గాజు సీసా చాలు. సగం దాకా ఇసుక పోసి, పైన నీళ్లు పోసి, చిటికెడు ఉప్పు వేసి గట్టిగా కుదిపి, మూడు గంటలు కదపకుండా పెట్టండి. ఇసుక అడుగున దిగుతుంది, దాని మీద సన్నని ఒండ్రు పొర తేలుతుంది. ఆ పొర ఇసుక ఎత్తులో 8 శాతం లోపు ఉంటే వాడుకోవచ్చు. అంటే పది అంగుళాల ఇసుక మీద ముప్పావు అంగుళం మించకూడదు. అంతకన్నా తొందరగా తెలియాలంటే తడి ఇసుకని పిడికిట్లో నొక్కి వదిలేయండి. అరచేతికి మట్టి మరక అంటుకుంటే కడిగించాల్సిందే.

ఇసుక కొలతలో మోసం కాని మోసం ఒకటుంది. ఇసుక కొద్దిగా తడిగా ఉంటే ఉబ్బుతుంది. 5 శాతం తేమకే పావు వంతుకు పైగా ఉబ్బగలదు. ట్రాక్టరు నిండుగా కనిపిస్తుంది, ఆరాక తగ్గిపోతుంది. ఎవరూ దొంగిలించకపోయినా మనకి తక్కువ వస్తుంది. కాబట్టి తొట్టి కొలత మీరే తీసుకోండి. పొడవు, వెడల్పు, ఇసుక ఎత్తు అడుగుల్లో గుణిస్తే ఘనపుటడుగులు వస్తాయి. పది అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉంటే 90. వంద ఘనపుటడుగులని ఒక యూనిట్ అంటారు. పిక్క (కంకర) కూడా ఇలాగే కొలుస్తారు. ఇసుక తడిగా ఉన్నప్పుడు కొలిస్తే ఆ సంగతి పక్కన రాసుకుని, కాంక్రీటు కలిపేటప్పుడు కూడా మేస్త్రికి గుర్తు చేయండి. తడి ఇసుకని పొడి ఇసుక లెక్కనే గమేళాలతో వేస్తే కాంక్రీటులో ఇసుక తక్కువ పడుతుంది.

గార, వజ్రపుకొత్తూరు, భోగాపురం, పూసపాటిరేగ లాంటి తీరపు మండలాల వాళ్లకి ఒక్క మాట. సముద్రం ఒడ్డు ఇసుక దగ్గర్లో ఉంది, ఖర్చు లేదు అని ఇంటికి వాడకండి. అందులోని ఉప్పు లోపలి ఇనుముని తినేస్తుంది. కొన్నేళ్లకే స్లాబు కింద పెచ్చులూడి తుప్పు ఊచలు బయటపడతాయి. ప్లాస్టరింగ్‌కి వాడినా గోడ ఎప్పుడూ చెమ్మగా ఉంటుంది.

సిమెంట్ బస్తా మీద ఏ వారం, ఏ నెల, ఏ సంవత్సరం తయారైందో అచ్చు వేసి ఉంటుంది. మూడు నెలలు దాటిన బస్తా తీసుకోవద్దు, బలం తగ్గిపోతుంది. మన వాతావరణంలో తేమ ఎక్కువ, అక్టోబర్, నవంబర్ వచ్చిందంటే తుఫాన్ల భయం. 2018 అక్టోబర్‌లో తిత్లీ పలాస, వజ్రపుకొత్తూరు వైపు ఎలా కొట్టిందో అందరం చూశాం. ఆ నెలల్లో ఒకేసారి బస్తాలు తెచ్చి పెట్టుకోకండి. వారం పనికి సరిపడా తెప్పించుకుని, చెక్క పలకల మీద, గోడకి రెండడుగుల దూరంగా, పది బస్తాల ఎత్తు మించకుండా పేర్చి టార్పాలిన్ కప్పండి. బస్తా విప్పి చెయ్యి లోపల పెడితే చల్లగా తగలాలి. గడ్డలుంటే వేళ్లతో నలపండి. నలగని గడ్డలున్న బస్తా వాపసు ఇచ్చేయండి. బిల్లు చూసేటప్పుడు ఇంకోటి: 2025 సెప్టెంబర్ 22 నుంచి సిమెంట్ మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. పాత లెక్క వేస్తే అడగండి.

పీపీసీ వాడితే నీళ్లు కొట్టడం కనీసం పది రోజులు, ఓపీసీ అయితే కనీసం ఏడు రోజులు. సిమెంట్ రకం తెలుసుకోవడం ఇందుకోసం కూడా. ఎండాకాలంలో ఒకరోజు మానేసినా కాంక్రీటు పైన సన్న పగుళ్లు మొదలవుతాయి. ఎంత మంచి సరుకు తెచ్చినా నీళ్లు సరిగ్గా కొట్టకపోతే దాని బలం రాదు, దీన్ని నేను ఎంత నొక్కి చెప్పినా తక్కువే.

ఇనుముకి తూకమే పరీక్ష. ఊచ మందాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని దాన్ని దాంతోనే గుణించి 162తో భాగిస్తే మీటరు ఊచ ఎన్ని కిలోలు ఉండాలో వస్తుంది. ఊచ పొడవు మామూలుగా 12 మీటర్లు. ఆ లెక్కన 8 ఎంఎం ఊచ 4.7 కిలోలు, 10 ఎంఎం 7.4, 12 ఎంఎం 10.7, 16 ఎంఎం 19 కిలోల దగ్గర ఉండాలి. కొంచెం అటూ ఇటూ ఉండొచ్చు: 10 ఎంఎం దాకా 7 శాతం, ఆపైన 16 ఎంఎం దాకా 5 శాతం తేడాని ప్రమాణమే ఒప్పుకుంటుంది. అంతకన్నా తక్కువ తూగితే ఆ ఊచలు సన్నవి. టన్నుల లెక్కన కొనేటప్పుడు లారీ తూకం చీటీ ఒక్కటే నమ్మకుండా ఊచలు కూడా లెక్కపెట్టండి. టన్నుకి 12 ఎంఎం అయితే 94 ఊచలు, 8 ఎంఎం అయితే 211 దాకా రావాలి. ఊరికి దూరంగా ఉన్నవాళ్లు ఇంట్లో ఎవరితోనైనా ఈ లెక్క ఒక్కటి చేయించి ఫోటో పెట్టించుకోండి. మీరు పంపిన డబ్బులో పెద్ద భాగం ఇక్కడే ఉంది.

సిమెంట్, ఇనుము రెండింటి మీదా ఐఎస్ఐ గుర్తు, దాని కింద లైసెన్సు నంబరు ఉంటాయి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే అది ఏ కంపెనీదో, ఇంకా చెల్లుతోందో లేదో కనిపిస్తుంది. ఫోన్ ఉన్న ప్రతి ఇంట్లో చేయగల పని ఇది.

ఇటుక సంగతి తేలిక. రెండు ఇటుకలు ఒకదానికొకటి తగిలిస్తే ఖంగుమనాలి. మీటరు ఎత్తు నుంచి నేల మీద పడేస్తే విరగకూడదు. ఒక ఇటుకని తూచి, రోజంతా నీళ్లలో నానబెట్టి మళ్లీ తూచండి. బరువు 20 శాతానికి మించి పెరిగితే ఆ బట్టీ వదిలేయండి. ఎండాక పైన తెల్లగా ఉప్పు తేలినా అంతే.

సరుకు దిగిన ప్రతిసారీ తేదీ, బండి నంబరు, ఎంత దిగింది అని ఒక నోటుపుస్తకంలో రాసి తెచ్చినవాళ్ల సంతకం తీసుకోండి. బిల్లు తప్పనిసరిగా అడగండి. బిల్లు ఉంటే రేపు తేడా వచ్చినప్పుడు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పుకోవచ్చు, జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. బిల్లు లేకుండా కొన్నదాని గురించి గట్టిగా మాట్లాడలేం.

బట్టల షాపులో మెటీరియల్

ఇక్కడ ఆ మాటకి కుట్టని గుడ్డ అని అర్థం. ముందు అడగాల్సింది పన్నా, అంటే గుడ్డ వెడల్పు. 36 అంగుళాల పన్నా, 44, 58 అన్నీ ఉంటాయి. ఫుల్ హ్యాండ్ చొక్కాకి 36 పన్నా గుడ్డ రెండున్నర మీటర్ల దాకా పడితే, 58 పన్నాది 1.6 మీటర్లు సరిపోతుంది. మీటరు ధర తక్కువని 36 పన్నా తీసుకుంటే చొక్కా ధర పెరుగుతుంది. కుట్టేవాళ్లని ముందే అడిగి వెళ్లండి. నూలు గుడ్డ ఏదైనా కుట్టించే ముందు ఒక రాత్రి నానబెట్టి ఆరేయాలి, లేకపోతే కుట్టించాక కుంచించుకుపోతుంది. రంగు దిగుతుందేమో చూడాలంటే తడిపిన తెల్ల రుమాలుతో మూల రుద్దండి.

నూలా కాదా అన్న అనుమానం వస్తే అంచు నుంచి రెండు దారాలు లాగి కాల్చండి, షాపు బయట, జాగ్రత్తగా. నూలు కాగితం కాలిన వాసనతో కాలి మెత్తని బూడిద అవుతుంది. పాలిస్టర్ కరిగి నల్లని గట్టి పూసలా మిగులుతుంది. పట్టు వెంట్రుక కాలిన వాసన వేస్తుంది, బూడిద వేళ్లతో నలిపితే పొడవుతుంది. రెండు రకాల దారాలు కలిపి నేసిన గుడ్డలో పడుగు దారం, పేక దారం విడివిడిగా కాల్చి చూడాలి.

మన జిల్లాలో ఉండి పొందూరు గురించి చెప్పకుండా గుడ్డ గురించి మాట్లాడలేను. ఖాదీ, చేనేత ఒకటే అనుకుంటారు చాలామంది. చేనేతలో చేత్తో నేస్తారు, నూలు మాత్రం మిల్లుది కావచ్చు. ఖాదీ అంటే నూలు వడికేదీ చేత్తోనే, నేసేదీ చేత్తోనే. పొందూరులో అయితే పని పత్తి దగ్గరే మొదలవుతుంది. కొండపత్తి, పునాస పత్తి, ఎర్రపత్తి తెచ్చి, వాలుగ చేప దవడ ఎముకతో ఆ పీచుని దువ్వుతారు. ఆ చేప పళ్లు అంత సన్నగా, వరసగా ఉంటాయి కాబట్టి పీచు చిక్కు విడిపోయి చెత్త రాలిపోతుంది. ఆ తర్వాత ఏకులు చేసి రాట్నం మీద వంద కౌంటు, ఆ పైన కూడా వడుకుతారు. కౌంటు పెరిగినకొద్దీ నూలు సన్నబడుతుంది. మిల్లు వాళ్ల ఇంగ్లీషు లెక్కలో వంద కౌంటు అంటే ఒక పౌను నూలు 84,000 గజాల పొడవు సాగుతుందని అర్థం. చేత్తో అంత సన్నగా వడికేది ఎక్కువగా ఆడవాళ్లే. వాళ్ల కూలీ ఆ పంచె ధరలో ఉంది. అది తెలిశాక బేరమాడాలనిపించదు.

కొనేటప్పుడు ఏం చేయాలంటే, కౌంటు ఎంత అని అడగండి, ఖాదీ మార్కు ఉందో లేదో చూడండి. ఖాదీ మార్కు నిబంధనలు 2013లో వచ్చాయి. చేనేతకి హ్యాండ్లూమ్ మార్కు 2006 నుంచి, పట్టుకి సిల్క్ మార్కు 2004 నుంచి ఉన్నాయి. ‘ఖాదీ లుక్’, ‘ఖాదీ ఫినిష్’ అని రాసినవి ఖాదీ కావు. గుడ్డని వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే చేత్తో వడికిన నూలులో అక్కడక్కడా చిన్న చిన్న లావు సన్నాలు కనిపిస్తాయి. మొదటిసారి ఉతికేటప్పుడు సబ్బు గట్టిగా రుద్దకండి, నీడలో ఆరేయండి, గంజి పెడితే పంచె నిలబడుతుంది. వీలైతే పొందూరు వెళ్లి అక్కడి ఖాదీ సంఘంలోనే కొనండి.

పాత్రలు కొనేవాళ్లకి చిన్న మాట. బుడితి ఇత్తడి, కంచు పనికి పేరున్న ఊరు. అక్కడా రెండూ దొరుకుతాయి కాబట్టి ఏది కొంటున్నారో అడగండి. ఇత్తడి రాగి, జింకుల మిశ్రమం. కంచు రాగి, తగరాల మిశ్రమం. కంచు కొడితే మోత ఎక్కువసేపు నిలుస్తుంది. ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసు కాయాలంటే లోపల కళాయి ఉండాల్సిందే.

చదువు మెటీరియల్

డీఎస్సీకో గ్రూప్స్‌కో కూర్చున్న పిల్లలు బస్తాలకొద్దీ కొంటారు. ఎక్కువ పుస్తకాలు ఉంటే టెన్షన్ తగ్గుతుందనుకుంటారు, ఏది ముందు చదవాలో తెలియక ఇంకా పెరుగుతుంది. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ముందు నోటిఫికేషన్‌లోని సిలబస్ ప్రింట్ తీసి గోడకి అంటించండి. దాని పక్కన పాత ప్రశ్నపత్రాలు పెట్టుకుని, ఏ పాఠం నుంచి ప్రశ్నలు వచ్చాయో గుర్తులు పెట్టండి. తర్వాత ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు చదవండి, అవి ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి. అవి చాలని చోటే బయట మెటీరియల్ కొనండి, ఒక్కో సబ్జెక్టుకి ఒక్కటే.

కొనే పుస్తకం పాతదో కొత్తదో తేల్చడానికి మన జిల్లా చాలు. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. పార్వతీపురం మన్యం అప్పుడే ఏర్పడింది, పాలకొండ అందులోకి వెళ్లింది, రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరం జిల్లాకి మారింది. పుస్తకంలో రాజాం ఇంకా శ్రీకాకుళంలోనే ఉంటే, కవరు మీద ఏ సంవత్సరం వేసినా లోపల సరుకు పాతదే. పాలిటీ పుస్తకం అయితే ఐపీసీ గురించి చూడండి. దాని స్థానంలో భారతీయ న్యాయ సంహిత 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చింది. టెలిగ్రామ్‌లో తిరిగే పీడీఎఫ్‌లకి కూడా ఇదే పరీక్ష పెట్టండి.

తెలుగు మీడియం నుంచి ఇంగ్లీష్ మీడియంకి మారిన తొమ్మిదో తరగతి పిల్లలు సైన్సులో మూడు మాటల దగ్గర ఆగిపోతారు: మ్యాటర్, మెటీరియల్, సబ్‌స్టెన్స్. మూడింటినీ పదార్థం అనే చెప్పేస్తాం కాబట్టి తికమక. బుడితి చెంబుని బల్ల మీద పెట్టి చెప్పండి. దానికి ద్రవ్యరాశి ఉంది, చోటు ఆక్రమించింది, కాబట్టి మ్యాటర్. అది దేంతో చేశారంటే ఇత్తడి, అది మెటీరియల్. ఇత్తడిలో ఉన్న రాగి, జింకు ఒక్కొక్కటీ శుద్ధమైన సబ్‌స్టెన్స్. ఇత్తడి వాటి మిశ్రమం కాబట్టి శుద్ధ పదార్థం కాదు. ఇంకో పరీక్ష: చెంబులో నీళ్లు, లోపలి గాలి వీటిలో ఏవి మ్యాటర్ అని అడగండి. రెండూ మ్యాటరే అని పిల్లలు తామే చెప్పేదాకా ఆగండి.

సంతకం పెట్టే చోట

కాగితాల్లో కనిపించే మెటీరియల్‌కి వస్తువుతో సంబంధం లేదు, అక్కడ దాని అర్థం ‘నిర్ణయాన్ని మార్చగలిగేంత ముఖ్యమైనది’. కోర్టులో మాత్రం రెండు అర్థాలూ వస్తాయి. దొంగతనం కేసులో పట్టుబడ్డ సొత్తుని ఎంఓ 1, ఎంఓ 2 అని గుర్తిస్తారు, అది మెటీరియల్ ఆబ్జెక్ట్, అంటే నిజంగా వస్తువే. మెటీరియల్ విట్‌నెస్ అంటే కేసుకి కీలకమైన సాక్షి.

చెక్కు, ప్రామిసరీ నోటు మీద అంకె గాని పేరు గాని తేదీ గాని అవతలివాళ్ల ఒప్పుదల లేకుండా దిద్దితే దాన్ని మెటీరియల్ ఆల్టరేషన్ అంటారు. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 87వ సెక్షన్ ప్రకారం అలాంటి దిద్దుబాటుతో ఆ కాగితం చెల్లకుండా పోతుంది. అప్పు ఇచ్చినవాళ్లు నోటు మీద కొట్టివేతలు చేయకండి, కొత్త నోటు రాయించుకోండి. చెక్కు మీద తప్పు రాసినా పక్కన సంతకం పెట్టి సరిపెట్టకండి, కొత్త చెక్కు రాయడమే మంచిది.

బీమా ఫారం దగ్గర ఇంకాస్త ఆగాలి. మీకు పాలసీ ఇవ్వాలా వద్దా, ఎంత ప్రీమియం వేయాలి అన్న కంపెనీ నిర్ణయాన్ని మార్చే సంగతి ఏదైనా మెటీరియల్ ఫ్యాక్టే. బీపీ, షుగర్, పాత ఆపరేషన్, పొగాకు అలవాటు, ఇంతకుముందు తిరస్కరించిన పాలసీ, అన్నీ. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు వాళ్లకి ప్రత్యేకంగా చెబుతున్నాను. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎంతమంది ఇళ్లలో ఉందో మనకి తెలుసు. క్రియాటినిన్ పరీక్షలో (కిడ్నీల పనితీరు చూసే రక్త పరీక్ష) ఎక్కువ వచ్చి ఉంటే ఫారంలో రాయండి. ప్రీమియం పెరిగినా, పాలసీ ఇవ్వకపోయినా ఆ రోజే తెలిసిపోతుంది. దాచిపెట్టి ఏళ్లపాటు ప్రీమియం కట్టి, ఇంటి పెద్ద పోయిన తర్వాత క్లెయిమ్ ఆగిపోతే ఆ కుటుంబానికి దిక్కేది?

ఫారం ఏజెంట్ నింపుతుంటే పక్కనే కూర్చుని ప్రతి ఆరోగ్య ప్రశ్నకీ ఏం రాస్తున్నారో చదివించుకోండి. “అన్నీ ‘లేదు’ అని పెట్టేద్దాం అన్నయ్యా, ఏం కాదు” అంటే ఒప్పుకోకండి. తర్వాత సమస్య వచ్చినప్పుడు ఆ ఫారం మీద ఉండేది మీ సంతకమే. జీవిత బీమా అయితే పాలసీ మొదలై మూడేళ్లు నిండాక ఏ కారణం చెప్పి అయినా దాన్ని ప్రశ్నించకూడదని 1938 బీమా చట్టం 45వ సెక్షన్ చెబుతోంది, 2015 సవరణ తర్వాత. ఆ మూడేళ్ల లోపు ఏదైనా జరిగితే కంపెనీ ఫారం తీసి చదువుతుంది. అందుకని నింపిన ఫారాన్ని సంతకం పెట్టే ముందే ఫోన్‌లో ఫోటో తీసుకోండి, పాత రిపోర్టుల జిరాక్స్ జతచేసి ఇచ్చినట్టు రాయించుకోండి. పాలసీ పత్రం ఇంటికి వచ్చాక అందులో జతచేసిన ఫారం కాపీని మీ ఫోటోతో పోల్చండి. జవాబులు మారి ఉంటే వెంటనే రాతపూర్వకంగా కంపెనీకి తెలియజేయండి, లేదా పత్రం అందిన 30 రోజుల్లోపు పాలసీని వెనక్కి ఇచ్చేయండి.